శనక్కాయ పీకినాక ఏం పని? పల్లె నిరుద్యోగం లెక్కల్లోకి ఎందుకు రాదు, దాని చుట్టూ రాజకీయం ఎట్లా తిరుగుతుంది

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట ఊరు. జూన్, జూలైలో వాన పడితే శనక్కాయ విత్తుతారు, కలుపు తీస్తారు, అక్టోబర్ నవంబర్‌లో చెట్టు పీకి కాయ తెంపుతారు, ఆ తర్వాత విత్తనానికి కాయలు ఒలిచే పని కొన్నాళ్ళు ఉంటుంది, అంతే, డిసెంబర్ దాటిందంటే మళ్ళీ వాన పడేదాకా ఊళ్ళో కూలి పని అన్నదే ఉండదు. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడే జిల్లా మాదే అని స్కూల్లో చదువుకున్నాం, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చిల్లర. బోరు ఉన్నవాళ్ళకి ఏదో ఒక పని ఉంటుంది, బోరు లేనివాళ్ళు, భూమే లేనివాళ్ళు రాత్రి బస్సెక్కి బెంగళూరు పోతారు, పోలేనివాళ్ళు అరుగుల మీద కూర్చుంటారు. ఏదో ఒక్క కరువేడాది కథ కాదు ఇది, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ప్రతి ఏడాదీ ఇంతే. ఏటా ఆరు నెలలు పని లేకుండా తరాలు గడిచిపోతుంటే దాన్ని దీర్ఘకాల నిరుద్యోగం అనకుండా ఇంకేమంటారు?

కానీ సర్కారు లెక్క చూస్తే మీరు నమ్మరు. 2023-24 పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే, అంటే కేంద్రం చేసే కార్మిక సర్వే, దాని ప్రకారం గ్రామీణ భారతంలో నిరుద్యోగం 2.5 శాతం. పట్టణాల్లో 5.1. అంటే పల్లెల్లోనే పరిస్థితి బాగుందన్నట్టు. ఈ అంకె ఎట్లా వస్తుందో తెలిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

వాళ్ళు అడిగేది పోయిన 365 రోజుల గురించి. మా అమ్మనే తీసుకోండి. శనక్కాయ సీజన్‌లో కూలికి పోతుంది, మిగతా నెలల్లో పని లేదు, లేదు కాబట్టి వెతకదు కూడా, ఊళ్ళో లేని పనిని ఎక్కడని వెతుకుతుంది? పని వెతకనివాళ్ళు, పనికి సిద్ధంగా ఉన్నామని కూడా చెప్పనివాళ్ళు సర్వే భాషలో నిరుద్యోగులు కారు, అసలు శ్రామికుల లెక్కలోకే రారు. పైగా ఏడాదిలో ఒక 30 రోజులు ఏదో పని చేసి ఉంటే చాలు, అనుబంధంగా పని ఉన్న మనిషి కింద రాసేస్తారు. అట్లా మా అమ్మ ఉద్యోగస్తురాలు అయిపోయింది. వారం లెక్క అని ఇంకొకటి ఉంది, అందులో వారం మొత్తంలో ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే. పాత ఎన్‌ఎస్‌ఎస్ సర్వేల్లో, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్‌కి ముందు కేంద్రం చేసినవాటిల్లో, రోజువారీ లెక్క కూడా వేసేవాళ్ళు, ఎన్ని రోజులు పని ఉంది ఎన్ని రోజులు లేదు అని. 2011-12లో ఏడాది లెక్కన గ్రామీణ నిరుద్యోగం 1.7 శాతం ఉంటే రోజువారీ లెక్కన 5.7 దాకా వచ్చింది. సర్వే అదే, ఇళ్ళూ అవే, ప్రశ్న మారేసరికి అంకె మూడింతలు పైన అయింది. ఇప్పుడు ఆ రోజువారీ లెక్క గురించి మాట్లాడేవాళ్ళే లేరు.

ఇంకో అంకె చూడండి. 2018-19లో దేశంలో పనిచేసేవాళ్ళలో 42.5 శాతం వ్యవసాయంలో ఉంటే 2023-24కి అది 46.1 అయింది. మామూలుగా దేశం ముందుకు పోయే కొద్దీ ఇది తగ్గాలి, ఇక్కడ పెరిగింది. కరోనాలో టౌన్ల నుంచి తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ పోలేదు, నాన్నకున్న మూడెకరాల్లోనే కొడుకూ చేరాడు, కోడలూ చేరింది. ఇద్దరు చేసే పని నలుగురు చేస్తున్నారు, జీతం లేదు, కూలి లేదు, కానీ కాగితం మీద నలుగురికీ పని ఉంది. మా తమ్ముడు డిగ్రీ అయిపోయి నాలుగేళ్ళు, గ్రూప్స్ అన్నాడు, డీఎస్సీ అన్నాడు, కానిస్టేబుల్ అన్నాడు, ఇంట్లో ఉన్నప్పుడు నాన్నకి చేదోడుగా చేలోకి పోతాడు. వాడు కోచింగ్‌లో ఉంటే చదువుకుంటున్నట్టు, చేలో ఉంటే ఉపాధి ఉన్నట్టు, నిరుద్యోగి అని రాయడానికి ఆ ఫారంలో వాడికి చోటే దొరకదు. 15 నుంచి 29 ఏళ్ళ వయసువాళ్ళలో నిరుద్యోగం 10.2 శాతం అని అదే సర్వే చెప్తుంది, మా వాడిలాంటివాళ్ళు ఎంతమంది అందులోకి రాలేదో మీరే ఊహించుకోండి.

నిరుద్యోగాన్ని దాచిపెట్టే ఇంకో పెద్ద సంగతి వలస. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, నాగార్జునసాగర్ దగ్గర్నుంచి ఎన్నో డ్యాములు కట్టిన చేతులు అవి. గుంపు మేస్త్రి వస్తాడు, అడ్వాన్స్ ఇస్తాడు, మొగుడూ పెళ్ళాం పోతారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై పోవడం తరాల నుంచి ఉన్నదే. ఊళ్ళో పని లేక ఊరు వదిలినవాడు నగరంలో కూలీగా లెక్కకొస్తాడు, ఊరి నిరుద్యోగం అట్లా బస్సెక్కి పోతుంది. మా జిల్లా నుంచి బెంగళూరు పోయేవాళ్ళదీ ఇదే కథ.

సరే, దీనికి రాజకీయం ఏం మందు వేసింది? మొదట మహారాష్ట్ర గురించి చెప్పాలి, ఎందుకంటే విత్తనం అక్కడ పడింది. 1972 కరువులో అక్కడ ఉపాధి హామీ మొదలైంది, వి.ఎస్. పాగే అనే నాయకుడు దాని వెనక ఉన్నాడు, 1977లో చట్టం చేశారు. డబ్బు ఎక్కడ్నుంచి తెచ్చారంటే నగరాల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళ మీద వృత్తి పన్ను వేశారు. కరువు పల్లెలన్నీ ఒక్కసారి ముంబై మీదికి రాకుండా ఉండాలంటే ముంబై జీతగాడు కొంచెం కట్టాలి అనే లెక్క, నాకైతే అది చాలా నిజాయితీ ఉన్న లెక్క అనిపిస్తుంది. తర్వాత సామాజిక కార్యకర్త అరుణా రాయ్, ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2005లో దేశం మొత్తానికి చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న దాన్ని మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు, అప్పుడు ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్‌కి దేశమంతా.

మా ఊళ్ళో ఇప్పటికీ ఎవ్వరూ దాన్ని ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. కరువొచ్చినప్పుడు సర్కారు దయతలచి రోడ్డు పని, చెరువు పని పెట్టేది కదా, ఆ పేరే నిలబడిపోయింది. కానీ చట్టానికీ ఆ పాత కరువు పనికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది, నేను ఈ వ్యాసం రాస్తున్నదే ఆ తేడా కోసం. పాత కరువు పని సర్కారు ఇచ్చినప్పుడు ఉంటుంది, చట్టం ప్రకారం పని మనం అడిగినప్పుడు ఉండాలి, కుటుంబానికి ఏడాదికి 100 రోజుల దాకా. పంచాయతీలో దరఖాస్తు పెట్టాలి, తేదీ వేసిన రసీదు ఇవ్వాలి, 15 రోజుల్లో పని చూపించాలి, చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులకి కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. ఆ భృతి కట్టాల్సింది రాష్ట్రం, పని చూపిస్తే మాత్రం కూలి డబ్బులు మొత్తం కేంద్రం ఇస్తుంది. చట్టం రాసినవాళ్ళు చాలా తెలివిగా రాశారు, పని ఇస్తే రాష్ట్రానికి కూలి ఖర్చు లేదు, ఇవ్వకపోతే జేబులోంచి పోతుంది, కాబట్టి ఏ రాష్ట్రమైనా పని ఇవ్వడానికే చూస్తుంది అని.

మరి ఏం జరిగింది? రసీదు ఇవ్వడం మానేశారు. రసీదు లేకపోతే అడిగినట్టు రుజువు లేదు, రుజువు లేకపోతే భృతి లేదు. ఊళ్ళో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఎప్పుడు మస్టర్, అంటే హాజరు పట్టీ, తీస్తే అప్పుడే పని, మేటీ, అంటే కూలీల గుంపు పెద్ద, ఇంటింటికీ వచ్చి రేపు పని ఉంది రండి అని చెప్తే పోవడం. అంటే పేరు హక్కు, నడిచేది మళ్ళీ పాత కరువు పని పద్ధతే. దేశం మొత్తం మీద చూస్తే ఒక కుటుంబానికి ఏడాదికి సగటున దొరుకుతున్నది 50 రోజుల చుట్టుపక్కలే, 100 రోజులు పూర్తయ్యే కుటుంబాలు కొన్నే.

ఇక రైతూ కూలీ గొడవకొద్దాం, ఎక్కువమంది తిట్టుకునేది దీని మీదే కాబట్టి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు, దేశమంతా చూసింది, మోహన్ కందా కమిటీ కూడా వేశారు. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలవలు బాగాలేవు, ధాన్యం కొనేవాళ్ళు లేరు, వాటితోపాటు వాళ్ళు చెప్పిన ఇంకో మాట ఉపాధి పని వల్ల కూలీలు దొరకట్లేదు, కూలి రేట్లు పెరిగిపోయాయి అని. ఈ మాట మా నాన్న కూడా అంటాడు, కలుపుకి మనుషులు దొరకనప్పుడు కోపంగా అంటాడు. నేను కాదనను, పెట్టుబడి పెరిగి పంట ధర పెరగకపోతే చిన్న రైతు చచ్చిపోతాడు. కానీ అదే ఇంట్లో మా అమ్మ కరువు పనికి పోతుంది. రైతు ఒకడు కూలీ ఇంకొకడు అన్నట్టు టీవీల్లో మాట్లాడతారు కానీ మెట్ట ఊళ్ళో ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు.

దీని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే చాలా పెద్ద అధ్యయనం జరిగింది. కూలి డబ్బులు స్మార్ట్ కార్డుల ద్వారా సరిగ్గా ఇస్తే ఏమవుతుందని కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు 157 మండలాల్లో చూశారు. పథకం బాగా నడిచిన చోట పేద కుటుంబాల ఆదాయం పెరిగింది, విచిత్రం ఏంటంటే ఆ పెరుగుదలలో 86 శాతం పథకం ఇచ్చిన కూలి నుంచి రాలేదు, బయట పనిలో కూలి రేట్లు పెరగడం వల్ల వచ్చింది. బయట పని దొరకడం కూడా తగ్గలేదు. అంటే మా అమ్మ ఒక్క రోజు కూడా కరువు పనికి పోకపోయినా, పోవచ్చు అనే దారి ఉండటం వల్లే ఆసామి దగ్గర ఇంత కావాలి అని నోరు తెరిచి అడగగలిగింది. నిరుద్యోగం అంటే ఉత్త రోజుల లెక్క కాదు, ఇంకో దారి లేక ఎంతిస్తే అంతకి ఒప్పుకోవడం కూడా అందులో భాగమే. పెద్ద రైతులకి, కాంట్రాక్టర్లకి ఈ పథకం మీద కోపం ఎక్కడ పుట్టిందో, భూమి లేని ఆడవాళ్ళు దాన్ని ఎందుకు వదలరో ఇక్కడ అర్థమవుతుంది. పనికొచ్చేవాళ్ళలో సగానికి మించి ఆడవాళ్ళే అని మర్చిపోకండి.

ఇప్పుడు డబ్బు. చట్టం అడిగినంత పని ఇవ్వమంటుంది, బడ్జెట్ మాత్రం ముందే ఒక అంకె వేసేస్తుంది. 2015 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ పార్లమెంటులో ఈ పథకాన్ని కాంగ్రెస్ వైఫల్యాలకి స్మారకం అన్నారు, అయినా ఆపలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే పథకం మీద లక్ష కోట్ల పైన ఖర్చుపెట్టాల్సి వచ్చింది, ఆ ఏడాది ఏడున్నర కోట్ల కుటుంబాలు పని చేశాయి, 389 కోట్ల పనిదినాలు. ప్రైవేట్ స్కూల్ టీచర్లు, ఇంజినీరింగ్ చదివిన పిల్లలు పలుగు పార పట్టుకున్నారు మన రెండు రాష్ట్రాల్లో, నాకు ఆ ఎండాకాలం గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. తర్వాత 2023-24 బడ్జెట్‌లో మొదట 60,000 కోట్లు పెట్టారు, ఆ తర్వాత రెండేళ్ళూ 86,000 కోట్లు. డబ్బు అయిపోతే కూలి ఆలస్యం, కూలి రెండు నెలలు ఆలస్యమైతే మనిషి పనికి రావడం మానేస్తాడు, మానేస్తే డిమాండ్ తగ్గింది అంటారు. 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కేంద్రం దగ్గర జరిగిన ఆలస్యానికి కూడా కూలీలకి పరిహారం లెక్కగట్టాలి అని.

రాష్ట్రాల సంగతీ చెప్పాలి, తప్పంతా ఢిల్లీదే అంటే అబద్ధం అవుతుంది. ఖర్చులో 60 భాగం కూలికి, 40 మెటీరియల్‌కి అని నిబంధన. కూలి డబ్బులు అకౌంట్లలో పడతాయి, సిమెంటు, కంకర డబ్బులు కాంట్రాక్టర్ల చేతిలోకి పోతాయి. అందుకే ఏ పార్టీ వచ్చినా కన్ను ఆ 40 మీదే. ఆంధ్రాలో ఒక ప్రభుత్వం సీసీ రోడ్లు వేసింది, తర్వాతది సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టింది, మళ్ళీ వచ్చినది పల్లె పండుగ పేరుతో సీసీ రోడ్లు. రోడ్లు వద్దని నేననను, మాకూ బురద తగ్గింది. కానీ ప్రభుత్వం మారగానే పాత బిల్లులు ఆగిపోయి జనం హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది అంటే ఇది ఎవరి పథకంగా మారిపోయిందో చూడండి. తెలంగాణలో 2020లో సమ్మె చేశారని ఏడున్నర వేల మందికి పైగా ఫీల్డ్ అసిస్టెంట్లని తీసేశారు, రెండేళ్ళ తర్వాత మళ్ళీ తీసుకున్నారు. బెంగాల్‌లో అక్రమాలు జరిగాయని 2022 మార్చి నుంచి కేంద్రం నిధులే ఆపేసింది, మూడేళ్ళకి పైగా కూలీలకి పని లేకుండా పోయింది, తప్పు చేసింది ఎవరు, శిక్ష పడింది ఎవరికి?

ఇంకా యాప్‌లు. 2023 జనవరి నుంచి రోజుకి రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కాలి, 2024 జనవరి నుంచి ఆధార్ లింకు ఉన్న అకౌంట్‌కే డబ్బు. దొంగ మస్టర్లు ఉన్నాయి, నిజమే, సోషల్ ఆడిట్‌లో మన దగ్గరే బయటపడ్డాయి, అది మన రాష్ట్రం గర్వపడాల్సిన పని. కానీ సిగ్నల్ లేని గుట్ట కింద ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది కదా. ఒక్క 2022-23లోనే దేశంలో 5 కోట్లకు పైగా పేర్లు జాబ్ కార్డుల నుంచి తీసేశారు. అన్నీ దొంగ పేర్లేనా?

చదువుకున్న పిల్లల సంగతి వేరే రూట్లో నడుస్తుంది. వాళ్ళకి కరువు పని కాదు, నోటిఫికేషన్ కావాలి, లేకపోతే భృతి. 2018 అక్టోబర్‌లో ఆంధ్రాలో యువనేస్తం అని నెలకి వెయ్యి మొదలుపెట్టారు, రెండు వేలు చేశారు, ప్రభుత్వం మారాక ఆగిపోయింది, 2024 ఎన్నికల్లో 3,000 అన్నారు. తెలంగాణలో 2018లో 3,016 అన్నారు, ఇవ్వలేదు, 2023లో ఇంకొకళ్ళు 4,000 అన్నారు. మధ్యలో ఆంధ్రాలో వాలంటీర్లు అని 5,000 గౌరవ వేతనానికి రెండున్నర లక్షల మందిని పెట్టారు, ప్రభుత్వం మారాక అదీ పోయింది. నీళ్ళు, నిధులు, నియామకాలు అని రాష్ట్రమే తెచ్చుకున్న చోట గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులు, చాలా మంచి విషయం, మా తమ్ముడి ఫ్రెండ్‌కి వచ్చింది, ఊరంతా సంబరపడ్డాం. కానీ రానివాళ్ళు లక్షల్లో ఉన్నారు, వాళ్ళు తిరిగొచ్చేది అదే ఊరికి, అదే మూడెకరాలకి. పార్టీలన్నీ మా తమ్ముడిని నిరుద్యోగి అంటాయి, మా అమ్మని లబ్ధిదారు అంటాయి, ఇద్దరికీ లేనిది ఒకటే అయినా.

ఇక కొత్త చట్టం. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో వీబీ జీ రామ్ జీ అని పిలుస్తున్న చట్టాన్ని ఆమోదించింది, డిసెంబర్ 21న రాష్ట్రపతి సంతకం అయింది. రోజులు 100 నుంచి 125 అయ్యాయి, అందరూ దీని గురించే మాట్లాడుతున్నారు, పేరు మార్చారని ఇంకొందరు కొట్లాడుతున్నారు. నాకు భయం ఆ రెండింటి గురించి కాదు. మన లాంటి రాష్ట్రాలకి ఇకనుంచి ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40. ఏ రాష్ట్రానికి ఎంత అని కేంద్రం ముందే కట్టేస్తుంది, దాటితే రాష్ట్రం పెట్టుకోవాలి. విత్తనం, కోత సమయాల్లో మొత్తం 60 రోజులు పని ఆపాలి, కోనసీమ రైతులు అడిగింది దాదాపు ఇదే. అయితే కూలి అడిగి తీసుకోగలిగే రోజులు కూడా సరిగ్గా అవే, ఆ రోజుల్లోనే ఇంకో దారి మూసేస్తే ఏమవుతుందో స్మార్ట్ కార్డుల అధ్యయనం తిరగేసి చదివితే తెలుస్తుంది.

40 శాతం లెక్క ఒకసారి వేయండి. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో కూలి 307 రూపాయలు. మునుపు పని ఇస్తే రాష్ట్రానికి కూలి మీద సున్నా ఖర్చు, ఇవ్వకపోతే భృతి. ఇప్పుడు పని ఇస్తే రాష్ట్రం వాటా 122 రూపాయల పైన. ఇవ్వకపోతే, పాత చట్టంలోని భృతి రేట్లే లెక్కేసుకుంటే, మొదటి నెల 77 రూపాయల లోపు. అదీ రసీదు ఉంటేనే, లేకపోతే అదీ లేదు. అంటే పని ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే చవక అయిపోయింది, కనీసం మొదటి నెల రోజులు. అప్పుల్లో ఉన్న రాష్ట్రం, ఏ పార్టీదైనా, ఏ వైపు మొగ్గుతుంది? హైదరాబాద్‌లో ఉన్నది కేంద్రానికి ప్రతిపక్షం, అమరావతిలో ఉన్నది మిత్రపక్షం, మాట్లాడే గొంతు వేరు కావచ్చు కానీ ఖజానా లెక్క ఇద్దరికీ ఒకటే. అందుకే 125 అనే అంకె కంటే ఆ రసీదు ముక్క ముఖ్యం అంటున్నాను. నియమాలు రాసేటప్పుడు రసీదు ఇవ్వనివాళ్ళ మీద చర్య ఏంటో, ఫోన్‌లో అడిగినా దరఖాస్తు కింద లెక్కేస్తారో లేదో, మన ఎమ్మెల్యేలని, సర్పంచులని అడగాల్సింది ఇవే.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అమ్మతో చెప్పి దరఖాస్తు రాయించాను, తెల్లకాగితం మీద, ఫలానా తేదీ నుంచి పని కావాలి అని. తనే తీసుకుపోయింది. ఫీల్డ్ అసిస్టెంట్ పిల్లోడు మర్యాదగానే ఉన్నాడంట, "కాగితం ఎందుకు పెద్దమ్మా, పని పెట్టినప్పుడు నేనే చెప్తా కదా" అన్నాడంట. "చెప్తావులే నాయనా, రసీదు మాత్రం ఇయ్యి" అని అమ్మ అక్కడే కూర్చుందంట, చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్ళు. గంట సేపటికి ఒక చీటీ మీద ముట్టింది అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి నాకు చూపించింది, సంతోషంగా. తేదీ వేయలేదు. మళ్ళీ సోమవారం పోతానంది.